ఆటగాని తీర్పు: గృహ వీడియో ఆటల చరిత్రలో దాని స్థానం

పులి-మేక, వామనగుంటలు, అష్టాచెమ్మా మొదలైన ఆటలను ఎవరు కనిపెట్టారో మనకు తెలియదు. వాటి నియమాలను ఏ పండితుడూ కూర్చుని వ్రాయలేదు. ఆడేవారికి నచ్చిన నియమం నిలిచింది, నచ్చనిది క్రమంగా రాలిపోయింది. అందుచేతనే ఒకే ఆటను ఒక ఊరిలో ఒక తీరున, పొరుగూరిలో మరొక తీరున ఆడటం మనం చూస్తాము. ఆ ఆటలను తరతరాలుగా సవరిస్తూ వచ్చినవారు వాటిని ఆడినవారే.

వీడియో ఆటల సంగతి వేరు. వాటి నియమాలను ఇంజనీర్లు యంత్రంలో ఇమిడ్చి పంపుతారు. కొన్నవానికి నియమం నచ్చకపోతే దానిని మార్చుకునే వీలు సాధారణంగా లేదు. అతని చేతిలో ఉన్న అధికారం ఒక్కటే: ఆడి చూచి, బాగున్నదో లేదో, ఎందువల్ల అట్లా తోచిందో నలుగురికీ చెప్పటం. ఇది చాలా చిన్న అధికారమని మొదట అనిపించవచ్చు. కాని గత అర్ధ శతాబ్దపు చరిత్రను పరిశీలిస్తే, కోట్ల డాలర్ల పరిశ్రమను ఒకసారి కూల్చినదీ, తిరిగి నిలబెట్టినదీ చాలా వరకు ఈ అధికారమేనని తెలుస్తుంది. ఇంటిలో టెలివిజనుకు తగిలించి ఆడే యంత్రాల విషయంలో, అనగా వాడుకలో కన్సోళ్ళు అనబడే వాటి విషయంలో, ఆటగాని అభిప్రాయం ఎట్లా పుట్టిందో, ఎట్లా పెరిగిందో, ఎప్పుడు విలువ గలదో, ఎప్పుడు విలువ లేనిదో ఈ వ్యాసంలో చూద్దాము.

మొదటి యంత్రాలు

రాల్ఫ్ బేర్ 1922లో జర్మనీలో జన్మించాడు. యూదులపై అక్కడ దౌర్జన్యాలు సాగుతున్న కాలంలో, 1938లో, కుటుంబంతో అమెరికా చేరాడు. 1966లో ఆయన న్యూహాంప్‌షైరు రాష్ట్రంలో శాండర్స్ అసోసియేట్స్ అనే సంస్థలో ఇంజనీరు. అది సైన్యానికి ఎలక్ట్రానిక పరికరాలు తయారు చేసే సంస్థ. అప్పటికే అమెరికాలో ఇంటింటా టెలివిజను ఉన్నది. ప్రసారమయ్యే కార్యక్రమాన్ని చూడటం తప్ప దానితో మరొక పని చేయలేమా అన్న ప్రశ్న ఆయనను వేధించింది. టెలివిజనుపై ఆడదగిన ఆటలను గురించి ఆ సంవత్సరమే నాలుగు పుటల పత్రం వ్రాశాడు. బిల్ హారిసన్, బిల్ రష్ అనే సహచరులతో కలిసి కొన్ని నమూనా యంత్రాలను నిర్మించాడు. వాటి ఆధారంగా మాగ్నవాక్స్ కంపెనీ 1972లో ఒడిస్సీ అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. గృహ వీడియో ఆటల యంత్రాలలో ఇదే మొదటిది.

ఒడిస్సీలో మైక్రోప్రాసెసరు లేదు. అది ధ్వని చేయదు, అంకెలు చూపదు. తెరమీద కదిలేవి కొన్ని తెల్లని చుక్కలు, ఒక నిలువు గీత మాత్రమే. టెన్నిసు ఆడాలంటే మైదానం బొమ్మ ముద్రించిన పారదర్శకమైన ప్లాస్టికు పొరను తెరకు అంటించాలి. పాయింట్లను ఆటగాళ్ళే లెక్క పెట్టుకోవాలి. ఆట సగం యంత్రంలో ఉంటే, తక్కిన సగం ఆటగాని ఊహలో ఉండేదన్నమాట.

అదే సంవత్సరం కాలిఫోర్నియాలో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనేవారు అటారి కంపెనీని స్థాపించారు. అక్కడ చేరిన యువ ఇంజనీరు అలన్ ఆల్కార్న్ పాంగ్ అనే బంతి ఆటను నిర్మించాడు. నాణెం వేసి ఆడే ఈ యంత్రాన్ని పరీక్ష కోసం సన్నీవేల్ పట్టణంలోని ఒక పానశాలలో పెట్టారు. కొద్ది రోజులకు యంత్రం పాడయిందని కబురు వచ్చింది. ఆల్కార్న్ వెళ్ళి తెరచి చూడగా, నాణేలు పడే పాత్ర నిండిపోయి పొంగిపొరలుతున్నది! పాంగ్ పై ఆటగాళ్ళు ఇచ్చిన మొదటి తీర్పు ఇదే.

ఈ ఆటలో మరొక విశేషం ఉన్నది. సర్క్యూటులోని ఒక లోపం వల్ల బ్యాటు గీత తెర పై అంచు వరకు చేరేది కాదు. ఆల్కార్న్ దానిని సరిచేయకుండా విడిచిపెట్టాడు. ఏలనగా, ఆ చిన్న సందు ఉండటం వల్ల ఎంత నేర్పరికైనా ఎప్పుడో ఒకప్పుడు బంతి తప్పిపోతుంది, ఆట ముగుస్తుంది. ఇంజనీరు దృష్టిలో దోషమైనది ఆటగాని దృష్టిలో గుణం కావచ్చు. ఆటను కొలిచే కొలబద్ద యంత్రపు పరిపూర్ణత ఒక్కటే కాదని ఇక్కడే తేలింది.

కార్ట్రిడ్జి వచ్చింది, విమర్శ పుట్టింది

తొలి యంత్రాలలో ఆటలు యంత్రంతోనే వచ్చేవి. కొన్న తరువాత ఎన్నుకోవలసినది అంతగా ఉండేది కాదు. 1976లో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఛానెల్ ఎఫ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు నాయకత్వాన తయారైన ఈ యంత్రంలో ఆట యొక్క ఆదేశాలన్నీ విడిగా ఒక చిన్న పెట్టెలో, చెరిగిపోని జ్ఞాపకశక్తి గల చిప్పులో ఉండేవి. పెట్టె మార్చితే ఆట మారుతుంది. గ్రామఫోను ఒకటే అయినా రికార్డు మార్చి వేర్వేరు పాటలు విన్నట్లే ఇదీ. ఈ పెట్టెనే కార్ట్రిడ్జి అంటారు. మన దేశంలో పిల్లలు దీనికి ‘కాసెట్టు’ అని పేరు పెట్టారు.

1977లో అటారి తన వీసీఎస్ యంత్రాన్ని ఇదే పద్ధతిలో తెచ్చింది. తరువాత దీనికి 2600 అనే పేరు స్థిరపడింది. ఇందులో పని జరిగేటప్పుడు వాడుకునే జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. నేటి పద్ధతిలో ఒక తెలుగు అక్షర సంకేతాన్ని కంప్యూటరులో దాచటానికి సాధారణంగా మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన ఈ యంత్రపు జ్ఞాపకశక్తిలో ఒక తెలుగు వాక్యం పట్టటమే కష్టం. తెరమీది చిత్రం మొత్తాన్ని నిలువ ఉంచుకునే చోటు లేదు గనుక, టెలివిజనులోని ఎలక్ట్రాను పుంజం ఒక్కొక్క గీతను గీస్తూ ఉండగానే, ఆ గీతలో ఏమి కనిపించాలో ప్రోగ్రాము అప్పటికప్పుడు చెబుతూ ఉండాలి.

కార్ట్రిడ్జి రావటంతో ఆటగానికి ఒక కొత్త ప్రశ్న ఎదురైంది. దుకాణంలో ఇన్ని పెట్టెలు ఉన్నవి, ఏది కొనాలి? పెట్టెమీద చిత్రకారుడు వేసిన అద్భుతమైన వర్ణచిత్రం ఉంటుంది. ఇంటికి తెచ్చి తగిలిస్తే తెరపై కనిపించేవి నాలుగు చదరపు చుక్కలు. కొనక ముందు ఆడి చూచే అవకాశం అరుదు. కనుక ఇదివరకే ఆడినవాని మాటకు విలువ వచ్చింది. 1979లో ‘వీడియో’ అనే అమెరికన్ పత్రికలో బిల్ కంకెల్, ఆర్నీ కాట్జ్ అనేవారు ‘ఆర్కేడ్ అలీ’ అనే శీర్షిక ప్రారంభించి, కొత్తగా వచ్చిన ఆటలను ఆడి తమ అభిప్రాయాలు వ్రాయసాగారు. 1981లో వీరిద్దరూ జాయిస్ వర్లీతో కలిసి ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’ అనే పత్రికనే స్థాపించారు. సినిమాకు, పుస్తకానికి ఉన్నట్లే వీడియో ఆటకు కూడా సమీక్ష అనేది ఒకటి ఏర్పడింది.

1982: రెండు పరీక్షలు

విజ్ఞానశాస్త్రంలో ఒక కారణాన్ని నిర్ధారించాలంటే తక్కిన పరిస్థితులను మార్చకుండా ఒక్క అంశాన్ని మాత్రం మార్చి చూస్తాము. వీడియో ఆటల చరిత్రలో ఇటువంటి పరీక్షలు రెండు, ఎవరూ ఉద్దేశించకుండానే, 1982 ప్రాంతంలో జరిగినవి.

మొదటిది పాక్-మాన్. జపానులో నామ్కో కంపెనీకి తోరు ఇవతాని రూపొందించిన ఈ ఆట 1980 నుండి నాణేల యంత్రాలలో జగత్ప్రసిద్ధమైనది. దీనిని 1982లో అటారి తన గృహయంత్రానికి తెచ్చింది. లక్షల సంఖ్యలో జనం ఎగబడి కొన్నారు. ఆ యంత్రానికి వచ్చిన ఆటలలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడుపోయినది ఇదే. కాని ఆడినవారికి ఆశాభంగం కలిగింది. దయ్యాలు మిణుకుమిణుకుమంటూ, ఒకసారి కనిపిస్తూ మరొకసారి మాయమౌతూ ఉన్నవి. రంగులు, శబ్దాలు అసలు ఆటను పోలి ఉండలేదు. మిణుకుకు కారణం ఇది: స్వేచ్ఛగా కదిలే బొమ్మలను గీయటానికి ఆ యంత్రంలో ప్రత్యేకంగా ఉన్నవి రెండే సాధనాలు. ఒకటి పాక్-మాన్‌కు పోగా, రెండవదానిని నాలుగు దయ్యాలు వంతులవారీగా పంచుకోవాలి. తెర సెకనుకు సుమారు 60 సార్లు గీయబడితే ఒక్కొక్క దయ్యం 15 సార్లు మాత్రమే కనిపించేది.

అయితే తప్పు యంత్రానిదేనా? కాదని తరువాతి ఆట నిరూపించింది. కొద్ది కాలానికే అదే యంత్రానికి మిస్ పాక్-మాన్ అనే ఆట వచ్చింది. దాని కార్ట్రిడ్జిలో చోటు పాక్-మాన్ కార్ట్రిడ్జికి రెట్టింపు: నాలుగు కిలోబైట్ల స్థానంలో ఎనిమిది. ప్రోగ్రాములో కూడా ఎక్కువ శ్రద్ధ కనిపించింది. మిణుకు బాగా తగ్గింది. ఆటగాళ్ళు మెచ్చుకున్నారు. యంత్రం మారలేదు, తయారీలో పెట్టిన శ్రద్ధ, వ్యయం మారినవి.

రెండవ పరీక్ష ఇ.టి. అనే ఆట. స్పీల్‌బర్గ్ తీసిన చలనచిత్రం 1982లో అఖండ విజయం సాధించింది. దానిని ఆటగా మార్చే హక్కులకు అటారి చాలా పెద్ద మొత్తం చెల్లించింది. ఒప్పందం జూలై చివరకు గాని కుదరలేదు. క్రిస్మసుకు సరుకు దుకాణాలలో ఉండాలి. అందుచేత ప్రోగ్రాము వ్రాయటానికి హోవర్డ్ స్కాట్ వార్షా అనే యువకునికి లభించిన వ్యవధి సుమారు ఐదు వారాలు. ఇతడు అసమర్థుడు కాదు. ఇతడే కొన్ని నెలలు శ్రమించి వ్రాసిన యార్స్ రివెంజ్ అనే ఆటను నేటికీ ఆ యంత్రపు ఉత్తమమైన ఆటలలో ఒకటిగా ఎంచుతారు. మనిషి అతడే, యంత్రం అదే, మారినది కాలవ్యవధి మాత్రమే.

ఆడినవారు ఇ.టి.పై చెప్పిన ఫిర్యాదు స్పష్టమైనది. నాయకుడు మాటిమాటికీ గోతులలో పడిపోతాడు. బొమ్మ తల గోతి అంచును ఏ కాస్త తాకినా యంత్రం పడినట్లే లెక్క కడుతుంది. పైకి వచ్చీరాగానే మళ్ళీ పడవచ్చు. ఎందుకు పడ్డాడో ఆటగానికి అర్థం కాదు. ఇక్కడ విద్యార్థులు ఒక భేదాన్ని గమనించాలి. కష్టమైన ఆట వేరు, అన్యాయమైన ఆట వేరు. చదరంగంలో ఓడినవాడు తాను వేసిన ఏ ఎత్తు వల్ల ఓడాడో తెలుసుకోగలడు. మరునాడు మెరుగుగా ఆడగలడు. ఓటమికి కారణం తెలియనప్పుడు నేర్చుకునేందుకు ఏమీ మిగలదు. ఇ.టి. ఆటగాళ్ళు పడిన విసుగుకు మూలం ఇదే.

అంగడి కూలిన విధం

ఇదే కాలంలో అంగడిలో సరుకు వరదలా వచ్చి పడింది. 1979లో అటారి నుండి నలుగురు ప్రోగ్రామర్లు, తమ పేరు పెట్టెమీద వేయరనీ, లాభంలో వాటా ఇవ్వరనీ అసంతృప్తి చెంది బయటికి వచ్చి ఆక్టివిజన్ అనే సంస్థలో కలిశారు. ఒకరి యంత్రానికి మరొకరు ఆటలు తయారు చేయటం దానితో మొదలైంది. ఆక్టివిజన్ ఆటలు మేలైనవే. కాని ఆ దారి చూచి డజన్ల కొద్దీ కంపెనీలు వచ్చినవి. ఓట్సు అమ్మే క్వేకర్ కంపెనీ సైతం ఒక వీడియో ఆటల విభాగం నడిపింది!

అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త జార్జి అకర్లాఫ్ 1970లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. పాత కార్ల బజారును దృష్టాంతంగా తీసుకుని ఆయన చెప్పిన సంగతి ఇది: సరుకు నాణ్యం అమ్మేవానికి తెలిసి, కొనేవానికి తెలియనప్పుడు, కొనేవాడు దేనికీ మంచి ధర ఇవ్వటానికి సాహసించడు. అప్పుడు మంచి సరుకు తెచ్చేవానికి గిట్టుబాటు కాక తప్పుకుంటాడు, నాసిరకమే మిగులుతుంది. చివరకు బజారే మూతబడవచ్చు. ఈ పరిశోధనకు ఆయన 2001లో నోబెల్ బహుమానాన్ని మరి ఇద్దరితో పంచుకున్నాడు. కల్తీ నేతి సంగతి తెలిసిన మన గృహిణులకు ఈ సిద్ధాంతం కొత్త కాదు.

అమెరికాలో 1983లో జరిగినది దాదాపు ఇదే. రెండు మూడుసార్లు మోసపోయిన ఆటగాడు కొనటం మానుకున్నాడు. అమ్ముడుపోని సరుకును దుకాణదారులు తిప్పి పంపారు. దివాలా తీసిన కంపెనీల ఆటలు అతి చౌకగా గంపలలో పోసి అమ్మితే, మంచి ఆటలను సరి అయిన ధరకు కొనేవారు లేకపోయారు. గృహ కంప్యూటర్ల ధరలు పడిపోవటం కూడా దెబ్బ తీసింది. ఏటా మూడు వందల కోట్ల డాలర్లకు పైబడి సాగిన వ్యాపారం 1985 నాటికి సుమారు పది కోట్లకు దిగజారిందని అంచనా. అటారి యజమాని అయిన వార్నర్ సంస్థ 1984లో గృహయంత్రాల విభాగాన్ని అమ్మివేసింది.

1983 సెప్టెంబరులో అటారి తన మిగులు సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో పట్టణం దగ్గర చెత్తగుంటలో పూడ్చింది. ఇది కట్టుకథ అని చాలామంది అనుకునేవారు. 2014 ఏప్రిల్ 26న త్రవ్వి చూడగా కార్ట్రిడ్జిలు నిజంగానే బయటపడినవి. వాటిలో ఇ.టి.తో పాటు ఇతర ఆటలు కూడా ఉన్నవి. అనగా పరిశ్రమను కూల్చిన నేరం ఒక్క ఆటమీద మోపటం న్యాయం కాదు. నాణ్యాన్ని పట్టించుకోకుండా సరుకు గుట్టలు పోసిన పద్ధతే అసలు కారణం.

క్యోటో నుండి వచ్చిన జవాబు

జపానులో క్యోటో నగరంలో 1889లో పేక ముక్కల తయారీతో ప్రారంభమైన సంస్థ నింటెండో. 1983 జూలైలో ఆ సంస్థ ఫామిలీ కంప్యూటర్ అనే గృహయంత్రాన్ని తెచ్చింది. దీని రూపకర్త మసయుకి ఉఎమురా. 1985లో ఈ యంత్రమే కొద్ది మార్పులతో, ఎన్.ఇ.ఎస్. అనే పేరుతో అమెరికా చేరింది. వీడియో ఆట అనగానే దుకాణదారులు ముఖం తిప్పుకునే రోజులవి.

నింటెండో రెండు విధాల జాగ్రత్త పడింది. మొదటిది తాళం. ప్రతి కార్ట్రిడ్జిలోనూ, యంత్రంలోనూ ఒక్కొక్క చిప్పు ఉండి, అవి రెండూ ఒకదానిని ఒకటి గుర్తిస్తేనే ఆట నడుస్తుంది. అనుమతి లేనివారి ఆటలు నడవవు. అనుమతి పొందిన కంపెనీ కూడా సంవత్సరానికి ఐదు ఆటలకు మించి విడుదల చేయరాదు. ఇందులో మేలూ ఉన్నది, కీడూ ఉన్నది. నాసిరకం తగ్గింది గాని, పరిశ్రమ తాళంచెవి ఒకే కంపెనీ చేతికి చిక్కింది. దీనిపై తరువాత వ్యాజ్యాలు నడిచినవి.

రెండవ జాగ్రత్త మన విషయానికి ముఖ్యమైనది. అమెరికా శాఖలో గిడ్డంగి చూచుకునే హోవర్డ్ ఫిలిప్స్ అనే యువకుడు ఆటలలో ఆరితేరినవాడు. ఏ ఆట ఎట్లా ఉన్నదో ఆడి చెప్పటమే క్రమంగా అతని ఉద్యోగమైనది. 1985లో షిగేరు మియమోతో రూపొందించిన సూపర్ మారియో బ్రదర్స్ లోకమంతటా పేరు తెచ్చుకున్నది. 1986లో జపానులో దానికి రెండవ భాగం వచ్చింది. ఫిలిప్స్ దానిని ఆడి చూచి, ఇది మితిమీరి కష్టమైనది, ఆనందం కంటె శిక్ష ఎక్కువగా ఉన్నదని అభిప్రాయం చెప్పాడు. అందులో మేలు చేయవలసిన పుట్టగొడుగు విషపుదిగా మారుతుంది, ఎగిరేవేళ గాలి వీచి దారి తప్పిస్తుంది. కంపెనీ ఆ మాట మన్నించింది. ఆ ఆటను అప్పుడు అమెరికాకు పంపలేదు. జపానులోని మరొక ఆటలో పాత్రలను మార్చి, 1988లో దానినే సూపర్ మారియో బ్రదర్స్ 2 అనే పేరుతో అక్కడ విడుదల చేశారు. ఒక ఆటగాని నిజాయితీగల మాట ఒక ఖండమంతటా పిల్లలు ఏ ఆట ఆడాలో నిర్ణయించింది!

అభిప్రాయానికి అంకెలు

1986లో జపానులో వెలువడిన పత్రిక నేడు ఫామిత్సు అనే పేరుతో ప్రసిద్ధం. అది ఒక పద్ధతిని ప్రవేశపెట్టింది. ఒక్కొక్క ఆటను నలుగురు విడివిడిగా ఆడి, ఒక్కొక్కరు పదికి ఇన్ని మార్కులు వేస్తారు. మొత్తం నలభై. ప్రయోగశాలలో లోలకపు కాలాన్ని ఒకేసారి కొలిచి ఊరుకోము కదా! పలుమార్లు కొలిచి సగటు తీస్తాము. ఒక్కని అభిరుచిలోని వక్రతను తగ్గించటానికి ఇదీ అటువంటి ఉపాయమే. నలభైకి నలభై మొదటిసారిగా 1998లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరినా ఆఫ్ టైమ్’ అనే ఆటకు దక్కినవి.

2001లో మొదలైన మెటాక్రిటిక్ అనే సంస్థ పెక్కు పత్రికల మార్కులను కలిపి నూటికి ఒక అంకె ఇవ్వసాగింది. అంకె సులభంగా గుర్తుంటుంది. కాని 70 అన్న అంకె ఆ ఆటలో ఏమి బాగున్నదో, ఏమి బాగులేదో చెప్పదు. పరీక్షలో వచ్చిన మార్కును బట్టి పిల్లవానికి ఏ పాఠం రాలేదో చెప్పలేము. అందుకు జవాబుపత్రం చూడాలి. ఆటకు జవాబుపత్రం వంటిది ఆడినవాని వివరణ.

మన ఇళ్ళలో

1990 దశకంలో ఫామిలీ కంప్యూటరును అనుకరించిన చౌక యంత్రాలు మన దేశపు పట్టణాలకు కూడా వచ్చినవి. వేసవి సెలవులలో టెలివిజను ముందు చేరి మారియో, కాంట్రా ఆడిన తెలుగు పిల్లలు నేడు మధ్యవయస్కులు. కాసెట్టుమీద వేలకొద్దీ ఆటలు ఉన్నట్లు ముద్రించి ఉండేది. లోపల ఉన్నవి కొద్ది ఆటలే. వాటినే పేర్లు మార్చి, అంచెలు మార్చి మరల మరల చూపేవారు. పెట్టెమీది అంకెకూ లోపలి సరుకుకూ గల భేదాన్ని పిల్లలు లెక్కపెట్టి కనుక్కునేవారు. ఏ సమీక్షా చదవకుండానే వారు సమీక్షకులైనారు. ఆట నడవకపోతే కాసెట్టు తీసి నోటితో ఊదటం కూడా అందరికీ అలవాటు. నిజానికి పని చేసేది తిరిగి సరిగా అమర్చటమే. ఊపిరిలోని తేమ లోహపు కొనలను పాడు చేస్తుంది. ఊదిన తరువాత నడిచింది గనుక ఊదటం వల్లనే నడిచిందనుకోవటం, ముందు జరిగినదానినల్లా కారణంగా భావించే పొరపాటుకు చక్కని ఉదాహరణ.

మరొక సంబంధాన్ని కూడా ఇక్కడ చెప్పవచ్చు. 1979లో అసంతృప్తులైన ఆ ప్రోగ్రామర్లు ప్రారంభించిన ఆక్టివిజన్, కాలక్రమేణ పెరిగి పెద్దదై, 2023 అక్టోబరులో సుమారు 6,900 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ వశమైంది. ఆ కొనుగోలు నడిపిన నాటి మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ళ హైదరాబాదులో జన్మించినవాడు.

ఇటీవలి మూడు ఉదాహరణలు

నలభై ఏళ్ళ తరువాత యంత్రాల శక్తి కోట్ల రెట్లు పెరిగినా, ప్రశ్న మాత్రం పాతదే.

2020 డిసెంబరు 10న పోలండు దేశపు సంస్థ ఒకటి సైబర్‌పంక్ 2077 అనే ఆటను విడుదల చేసింది. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చినవి శక్తిమంతమైన కంప్యూటర్లపై నడిచే ప్రతులు మాత్రమే. వారి ప్రశంసలు చదివి ప్లేస్టేషన్ 4 వంటి పాత కన్సోళ్ళ కోసం కొన్నవారికి ఆట మాటిమాటికీ ఆగిపోవటం, బొమ్మలు చెదరిపోవటం కనిపించింది. ఆటగాళ్ళ ఆగ్రహం ఎంతటిదంటే, వారం తిరిగేసరికి సోనీ సంస్థ ఆ ఆటను తన అంగడి నుండి తొలగించి, డబ్బు వాపసు ఇస్తానన్నది. 2021 జూన్ వరకు అది తిరిగి రాలేదు. ఏ యంత్రంపై ఆడి చెప్పిన మాట అనే వివరం లేకపోతే మంచి సమీక్ష కూడా తప్పుదారి పట్టించగలదని ఇది తెలుపుతున్నది.

2016లో ఇంగ్లండులోని ఒక చిన్న బృందం నో మాన్స్ స్కై అనే ఆటను తెచ్చింది. అనేక కోట్ల గ్రహాలు గల ఆ విశ్వంలో, విడుదలకు ముందు చెప్పిన వసతులు కొన్ని లేవని ఆటగాళ్ళు తీవ్రంగా విమర్శించారు. ఆ బృందం ఎక్కువగా వాదించకుండా పనిలో పడింది. ఏళ్ళ తరబడి ఉచితంగా సవరణలు పంపుతూ, 2018లో నలుగురూ కలిసి ఆడే వసతిని కూడా కల్పించింది. విమర్శించినవారే తరువాత మెచ్చుకున్నారు. మంచి విమర్శ ఆటను చంపదు, బాగుచేస్తుంది.

మూడవది హెచ్చరిక. 2020 జూన్ 19న ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండవ భాగం విడుదలైంది. దానిని పూర్తి చేయటానికి ఇరవై గంటలకు పైగా పడుతుంది. కాని మొదటి రోజునే వేల సంఖ్యలో సున్నా మార్కులు వచ్చి పడినవి. అవి చాలా వరకు కథను గురించి విన్న వదంతులకు వచ్చిన మార్కులే గాని, ఆడి ఇచ్చినవి కాజాలవు. ఆ వేసవిలోనే మెటాక్రిటిక్ ఒక నియమం చేసింది: ఆట విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్ళ అభిప్రాయాలు స్వీకరించబడవు. ఆడి చూచినవాని తీర్పుకు గల బలం, ఆడకుండా చెప్పినవాని అరుపుకు లేదు.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మాట

నేటి విద్యార్థులలో వీడియో ఆటలు ఎరుగనివారు అరుదు. సమయం వృథా అని మందలించటం తల్లిదండ్రుల వంతు. ఎంతసేపు ఆడాలన్న విషయంలో వారి మాట వినవలసినదే. కాని ఆడిన ఆటను గురించి పిల్లవాడు ‘బాగుంది’, ‘బాగులేదు’ అని ఊరుకుంటే ఆ సమయం నిజంగానే వృథా. ఉపాధ్యాయులు ఆ అభిప్రాయాన్ని ప్రయోగ నివేదికవలె వ్రాయించవచ్చు. ఏ యంత్రంపై ఆడావు? ఎంతసేపు ఆడావు? ఏమి గమనించావు? ఓడినప్పుడు కారణం నీకు తెలిసిందా? దోషం కనిపిస్తే అది యంత్రపు పరిమితి వల్లనా, తయారీలో తొందర వల్లనా? అట్లా అనటానికి నీకు తెలిసిన మరొక ఆటతో పోల్చి చూపగలవా? ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసిన విద్యార్థి పరిశీలన, పోలిక, కారణనిర్ణయం అనే మూడింటినీ అభ్యసించినవాడౌతాడు. కొలతల పట్టిక వ్రాసే అదే నోటు పుస్తకంలో ఈ నివేదికకు కూడా ఒక పుట కేటాయించటంలో తప్పు లేదు.